నంబరు లేని పెంకు

కాశీబుగ్గ,
16 జూన్ 2024, ఆదివారం.

సుధకి,

ఎలా ఉన్నావని అడగను. అడిగితే నువ్వు జవాబు రాయాలి, ఆ జవాబులో ఏముంటుందో నాకు తెలుసు. ఇరవై ఆరేళ్ల కిందట ఈ గుమ్మంలో నిలబడి, మీ అన్నయ్య ఎదటే, జన్మలో నాతో మాట్లాడనని ఒట్టు పెట్టుకున్నావు. ఉత్తరం రాయనని మాత్రం అనలేదు. అందుకే ఫోన్ జోలికి పోకుండా నిన్న పోస్టాఫీసుకి వెళ్లి కవరు కొన్నాను. కౌంటర్లో అమ్మాయి కవరు కోసం రెండు సొరుగులు వెతికింది.

ఆయన పోయి నాలుగు నెలలు దాటింది. పోవడానికి రెండు రోజుల ముందు, డయాలసిస్ నుంచి తీసుకొచ్చి మంచం మీద పడుకోబెట్టాక, "పెరట్లో మొక్కల పేర్లు సుధకే తెలుసు. దాన్ని అడుగు. అడక్కుండా ఒక్కటీ పీకించకు" అన్నారు. సరేనన్నాను. ఆ స్థితిలో ఉన్న మనిషికి సరే అనక ఏమంటాను?

తిత్లీ తుపానుకి పెరట్లో రెండు పనసలూ మూడు కొబ్బరిచెట్లూ కూలిపోయాయి. నీకు గుర్తుండే ఉంటాయి, వాటి కిందే నువ్వు కుర్చీ వేసుకుని చదువుకునేదానివి. ఆ ఖాళీ నేలలో మీ అన్నయ్య ఏవేవో తెచ్చి నాటారు. పూలమొక్కలూ కావు, కూరపాదులూ కావు. కొన్ని ఎక్కడో చూసినట్టే ఉంటాయి, చాలామటుకు తెలియవు. ఇప్పుడు నడుము దాకా పెరిగాయి. జయకృష్ణ విశాఖపట్నం నుంచి వచ్చినప్పుడల్లా "ఆ అడవి కొట్టించమ్మా, పాములు చేరతాయి" అని గొడవ. నువ్వు చూసినప్పుడు వాడు పది నెలల పిల్లాడు. ఇప్పుడు ఇరవై ఏడేళ్లు.

తోటపనికి వచ్చే సోముల్ని అడిగితే, "ఏటుంచాల, ఏటి పీకీయాల అని నానేటి సెప్పగల్నమ్మా? సదువుకున్నోలినడగండి" అన్నాడు. మన ఇంట్లో చదువుకున్నది నువ్వే కదా.

మూడు మొక్కల కొమ్మలు పెట్టాను. చూసి, ఉంచాలో తీసెయ్యాలో రాయి. నువ్వు ఎలా చెబితే అలా చేస్తాను.

నీ వదిన అని రాయడానికి చెయ్యి రావడం లేదు.

జాహ్నవి


టెక్కలి,
21 జూన్ 2024.

శ్రీమతి జాహ్నవి గారికి,

మీ ఉత్తరం బుధవారం అందింది. ముప్పై ఏళ్లు కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరైనదాన్ని. మొక్క చూపించి పేరు అడిగితే ఎవరికైనా చెబుతాను. మా వీధిలో మేకలు కాసుకునే ఆవిడ అడిగినా చెబుతాను. మీకూ ఆ లెక్కలోనే చెబుతున్నాను, ఇంకేదీ ఊహించుకోకండి.

కొమ్మలు బాగానే అదిమి పంపారు. కాగితం రోజూ మార్చినట్టున్నారు, రంగు పోలేదు. ఎవరు నేర్పారో తెలియదు గానీ, ఆ ఇంట్లో ఎండిన ఆకులకి ఇంత మర్యాద జరగడం వింతగానే ఉంది.

మొదటిది, నేల మీద పాకే చిన్న ఆకుల మొక్క, నీలం పువ్వుది. మంచి జాతి కాదు. పశువు మేస్తే కడుపుబ్బి చస్తుంది. వేళ్లతో సహా పీకి, ఎండబెట్టి, కాల్చెయ్యండి.

రెండోది, సన్నాకుల నిటారు మొక్క. దీని వేళ్లు నీటిని చెడగొడతాయి. పెరట్లో బావి ఉంది కదా. ఉద్దానం నీళ్ల సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. ఇదీ పీకి కాల్చండి.

మూడోది, తీగ. ఇది మేలు జాతి, ఉంచండి. పోయిన ఏటి ఎండుకాయలు ఇంకా వేలాడుతుంటే మీ చేత్తోనే కోసి విత్తనం దాచుకోండి. చేతికి గుడ్డ చుట్టుకోవద్దు, కాయ మీద నూగు రాలిపోతే విత్తనం మొలవదు.

కాల్చడం ఎలాగో మీకు చెప్పనక్కర్లేదు. ఆ పెరట్లో ఎండిన మొక్కలకి ఎంత కిరసనాయిలు పడుతుందో నాకన్నా మీకే బాగా తెలుసు.

కె. నాగసుధ


టెక్కలి,
21 జూన్. ఈ ఉత్తరానికి పోస్టు లేదు.

అన్నయ్యా,

చదివేవాడివి లేవని తెలిసీ రాస్తున్నాను. బతికున్నప్పుడు మాత్రం ఏం లాభం? ఫోన్ చేసి ఎండల గురించీ వానల గురించీ మాట్లాడి పెట్టేసేవాడివి. ఆఖరిసారి మాత్రం "ఒక్కసారి రా సుధా, నీకు చూపించాల్సిందొకటుంది" అన్నావు. ఆ గడప తొక్కనన్నాను. తొక్కలేదు. నువ్వు పోయావని తెలిసిన రోజు ఇక్కడే తలస్నానం చేసి, ఇక్కడే ఏడ్చాను.

ఇవాళ మీ ఆవిడకి మూడు అబద్ధాలు రాశాను. నీలం పువ్వుది విష్ణుక్రాంతం. దానంత సాధువైన మొక్క ఇంకోటి ఉండదు. రెండోది నేలవేము, జ్వరానికి కషాయం కాచుకునేది. ఉంచమన్నది దూలగొండి. దాని నూగు తగిలితే ఒళ్లు ఎలా దురదపెడుతుందో నీకు తెలుసు, భావనపాడు వెళ్లే దారిలో ఒకసారి నువ్వే పట్టుకుని గంతులు వేశావు.

ఎందుకింత కసి అని అడగకు. పదకొండేళ్లు ఆదివారాలన్నీ ఎండలో తిరిగి, ఉద్దానం మొక్కలు రెండువందల పన్నెండు అదిమి, ఆరబెట్టి, షీట్లకి కుట్టి, నంబర్లు వేసుకున్నాను. సగం రోజులు ఆ బరువు మోసింది నువ్వే. జాబితా మీ ఆఫీసు మిషన్ మీద టైపు చేసి పెట్టింది నువ్వే. పన్నెండేళ్లకి పుట్టిన పిల్లాడికి ఫిట్స్ వస్తే, మీ ఆవిడ సోదె చెప్పేదాన్ని పిలిచింది. ఇంట్లో కాగితాల్లో చుట్టిన ఎండు వేళ్లున్నాయని అదేదో వాగింది. నా గది తెరిచారు. లాటిన్ పేర్లు మంత్రాక్షరాలయ్యాయి. నేను కాలేజీ నుంచి సాయంత్రం బస్సుకి వచ్చేసరికి పెరట్లో బూడిద. నువ్వు అరుగు మీద కూర్చుని తల దించుకున్నావు. పిల్లాడికి డాక్టరు మాత్రలతో తగ్గింది. పేరు మాత్రం మంటకొచ్చింది.

డాక్టరేటు పోతే పోయింది. మేనల్లుడికి చిల్లంగి పెట్టానని, చేతబడి చేశానని అన్నారు అన్నయ్యా. వీధిలో ఆడవాళ్లు నేనెదురైతే పిల్లల్ని కొంగుచాటుకి లాక్కున్నారు. ఆ మాట బస్సెక్కి నా వెనకే టెక్కలి దాకా వచ్చింది. రెండు సంబంధాలు ఆ మాట విని వెనక్కి పోయాయి.

ఇప్పుడామె ఒక్కొక్క ఆకూ నా చేతిలో పెట్టి, బతకనివ్వమంటావా అని అడుగుతోంది. ఇంత తియ్యగా ఉంటుందని నేను అనుకోలేదు.

సుధ


కాశీబుగ్గ,
7 జులై 2024.

సుధకి,

నువ్వు చెప్పినట్టే మొదటి రెండూ పీకి, ఎండబెట్టి, కాల్చాను. నీలం పువ్వుది ఊరికే మండిపోయింది. రెండోది పొగ ఎక్కువ పెట్టింది.

మూడోదాని సంగతి. సోములు ఆ తీగ దగ్గరికి రానని మొండికేశాడు. "అమ్మా, ఇది దూలగొండమ్మా. ముట్టుకుంటే ఒల్లంతా దద్దుర్లెక్కిపోతాది. ఎవులు సెప్పారు మీకు కొయ్యమని?" అని మొత్తుకున్నాడు. పెద్ద చదువు చదివిన మా ఆడపడుచు చెప్పింది, నీకు ఆవిడకన్నా తెలుసా అని కసిరాను. నా చేత్తో నేనే కోశాను, పదకొండు కాయలు. మోచేతుల దాకా ఎర్రగా పొంగిపోయాయి. రెండు రోజులు ఆవుపేడ పట్టించుకుని అరుగు మీద కూర్చున్నాను. అన్నం సోములు పెళ్లాం కలిపి పెట్టింది. విత్తనాలు సీసాలో పోశాను. నీకు కావాలంటే పంపుతాను.

భావనపాడు నుంచి ఎండుచేపలు అమ్మడానికి వచ్చే అప్పలనరసమ్మ మొన్న మా గుమ్మంలో ఆగింది. మనం చేపలు కొనేవాళ్లం కాదు, ఎందుకాగిందా అనుకున్నాను. "బాబుగోరు పోయారంట గదమ్మా" అని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. మీ అన్నయ్య ఆదివారాలు వాళ్ల రేవుకి వెళ్లేవారట. నాకు తెలియదు. ఆదివారం పొద్దున్న బస్సెక్కి సాయంత్రం తిరిగొచ్చేవారు, అడిగితే "ఊరికే" అనేవారు. జబ్బు చేశాక కూడా మానలేదు. అప్పలనరసమ్మ ఇంకో మాట కూడా అంది, అది ఇప్పుడు రాయను.

ఈసారి పన్నెండు రకాలు పంపుతున్నాను. ప్రతి కాగితం మీదా అది పెరట్లో ఎక్కడుందో రాశాను. జాగ్రత్తగా చూడు. నీకు చూసే కన్నుంది కదా.

జాహ్నవి


టెక్కలి,
14 జులై 2024.

జాహ్నవి గారికి,

మీ చేతుల సంగతి చదివాను. కొందరి ఒంటికి కొన్ని పడవు. మొక్క తప్పు కాదు.

పన్నెండింటిలో ఒక్కటే ఉంచదగ్గది. గోడ వారనున్నదని రాశారే, కొత్తిమీర లాంటి ఆకు, తెల్లటి చిన్న పూలు, అది. దానికి నీళ్లు పోసి పెంచండి, విత్తనం రాలితే రాలనివ్వండి. మిగతా పదకొండూ పనికిమాలినవి. రెండు విషం, మూడు పక్కనున్నవాటిని చంపేవి, తక్కినవి వట్టి గడ్డీ గాదం. ఒక్కొక్కటీ విడదీసి రాసే ఓపిక నాకు లేదు. అన్నీ పీకించి ఒకే కుప్పగా కాల్చండి.

అన్నయ్య ఆదివారాల గురించి నన్నెందుకు అడుగుతారు? భర్త వారం వారం బస్సెక్కి రేవు పల్లెకి ఎందుకు పోతాడో, వెళ్లి ఎవరి గుమ్మంలో కూర్చుంటాడో, ఇంట్లో ఉన్న పెళ్లానికి తెలియాలి. ముప్పై ఎనిమిదేళ్ల కాపురం మీది. అతను పోయాక మీ గుమ్మంలోకొచ్చి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చే ఆడమనిషి ఎవరో, ఏమిటో, నేను ఊహించను. మీరు తీరిగ్గా ఊహించుకోండి. నా మీద ఒక మాట వేసి ఊరంతా తిప్పారు కదా, అలాంటి మాటలు ఎలా పుడతాయో ఇప్పుడు ఇంట్లో కూర్చునే తెలుసుకోవచ్చు.

కె. నాగసుధ


కాశీబుగ్గ,
8 ఆగస్టు 2024.

సుధకి,

పదకొండూ పీకడం, కాల్చడం అయింది. తెల్లపూలదానికి నీళ్లు పోస్తున్నాను.

ఆదివారాల గురించి నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. దానికి జవాబు రాయను.

ఒక్కటే అడగాలి. బావి గట్టు మీద ఒక తీగ అల్లుకుంది. ఆకు తిప్పతీగ ఆకులాగే ఉంటుంది. దాని ఎండుకాయ ఒకటి పెట్టాను, చూడు, తలకిందులుగా ఉట్టిలా విచ్చుకుంది. నాకు షుగరు బయటపడి రెండేళ్లయింది. పక్కింటావిడ ఇది తిప్పతీగేనని, పరగడుపున కషాయం కాచుకుని తాగితే షుగరు కట్టుబడుతుందని అంటోంది. రోజూ ఒక గ్లాసుడు తాగాలట.

మొదలుపెట్టనా? నీ జవాబు వచ్చేదాకా ఆగుతాను. నువ్వు తాగమంటే తాగుతాను. ఇప్పటిదాకా నీ మాట మీదే నడిచాను, చూశావు కదా.

జాహ్నవి


టెక్కలి,
12 ఆగస్టు. దీనికీ పోస్టు లేదు.

అన్నయ్యా,

రెండు రోజులుగా ఆ ఎండుకాయ నా బల్ల మీదే ఉంది. ఇది ఈశ్వరి. రోజూ కాచుకు తాగితే లోపల కిడ్నీలు కుళ్లిపోతాయి. పాఠం చెప్పినదాన్ని, నాకు తెలుసు. ఉద్దానంలో నలుగురిలో ఒకరికి ఉన్న జబ్బుకి ఇదే కారణమని నేననను, ఆ కారణం ఏమిటో ఎవరికీ పూర్తిగా తెలియదు. కానీ ఇది చేసేదీ ఆ పనే.

"తాగండి" అని ఒక్క మాట రాస్తే చాలు. ఒక్క మాటతోనే కదా ఆమె నన్ను చంపింది. ఉద్దానంలో ఇంకో ఆడమనిషికి కిడ్నీలు పోయాయంటే ఎవరూ అనుమానించరు, పాపం అంటారు. ఆ మాట రాసిన కాగితం నిన్న సాయంత్రం కవర్లో పెట్టి అంటించాను కూడా.

పొద్దున్న చింపేశాను. నువ్వు గుర్తొచ్చావు. సూదులు గుచ్చి గుచ్చి నీ చెయ్యి నల్లగా ఉబ్బిపోయిందని ఎవరో చెబితే విన్నాను, వచ్చి చూడలేదు. ఆమె చూసింది, వారానికి రెండుసార్లు ఆస్పత్రి బెంచీ మీద కూర్చుని మరీ చూసింది. నా పగ చావలేదు అన్నయ్యా, అలాగే ఉంది. కానీ దాన్ని తీర్చుకోవడానికి నీ జబ్బు నాకు వద్దు.

సుధ


టెక్కలి,
12 ఆగస్టు 2024. స్పీడుపోస్టు.

జాహ్నవి గారికి,

తాగకండి. అది తిప్పతీగ కాదు, ఈశ్వరి. కిడ్నీలు పోతాయి. ఇప్పటికే ఒక్క గుక్క తాగి ఉన్నా ఈ ఉత్తరం తీసుకుని వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లండి. పక్కింటావిడని కూడా తాగనివ్వకండి. తీగని అలాగే వదిలెయ్యండి, అదేం చెయ్యదు, తాగితేనే ప్రమాదం.

ఇది నిజం.

నాగసుధ


కాశీబుగ్గ,
10 సెప్టెంబరు 2024.

సుధా,

నీ స్పీడుపోస్టు మర్నాడే అందింది. నెల్లాళ్లు జవాబు రాయలేదు, కోపం చల్లారితే రాద్దామని. చల్లారలేదు. అలాగే రాస్తున్నాను.

కషాయం తాగలేదు. తాగాలని అనుకోనూ లేదు. పక్కింటావిడ ఎవరూ ఏమీ అనలేదు. అది ఈశ్వరి అని నాకు తెలుసు. పేర్లు తెలియవని మొదట్లో నేను రాసింది సగమే నిజం. నువ్వు నన్ను ఎంతదాకా తీసుకెళతావో చూద్దామని అడిగాను.

నేను ఎనిమిదో తరగతితో మానేసినదాన్ని. నీకు అది బాగా గుర్తు. నేను మందసలో శివాలయం అర్చకుడి కూతురినన్నది మాత్రం మరిచిపోయావు. పెళ్లయ్యేదాకా ఏటా వినాయకచవితికి కొండవారకి పోయి ఇరవై ఒక్క పత్రులూ ఏరి, ఊళ్లో నలభై ఇళ్లకి పంచింది నేనే. విష్ణుక్రాంతం నాకు తెలియదనుకున్నావా? మొన్న శనివారం చవితి. ఏటిసూతకం కాబట్టి మా ఇంట్లో పూజ లేదు. చవితి జూన్‌లోనే వచ్చి ఉంటే నీకూ పత్రి గుర్తొచ్చేది, ఇంత తేలిక అబద్ధం రాసేదానివి కాదు. ఆ తెల్లపూలది వయ్యారిభామ, దానికి నీళ్లు పోసి పెంచమన్నావు. పొలం గట్టు మీద నడిచే చిన్నపిల్లని అడిగినా అది పాడు కలుపని చెబుతుంది.

నీ మొదటి జవాబు చదవగానే అబద్ధమని తెలిసింది. ఎందుకో కూడా తెలిసింది. తెలిసే పీకాను, తెలిసే దూలగొండి కాయలు కోశాను. నేను నీకు చేసినదానికి నాకంతమాత్రం మండాలి, న్యాయమే అనిపించింది. రెండు మొక్కలతో, రెండు చేతులతో తీరిపోతే తీరిపోనీ అనుకున్నాను.

తరవాత అప్పలనరసమ్మ వచ్చింది. ఆవిడ అన్న మాట రాయనన్నాను కదా, ఇప్పుడు రాస్తున్నాను. "ఇసకలో ఒంగొంగి ఎతుక్కునీవోరమ్మా. ఏటి బాబూ ఎతుకుతన్నారు అంటే, మా సెల్లి కట్టపడి కూడబెట్టుకున్నాది, మా ఇంట్లో పోయింది, దానికి మల్లీ ఎతికిత్తన్నానమ్మా అనీవోరు."

ఆవిడ వెళ్లగానే మీ అన్నయ్య ట్రంకుపెట్టె తీశాను. అడుగున నీ జాబితా ఉంది, ఆఫీసు మిషన్ మీద కొట్టినప్పటి కార్బన్ కాపీ. రెండువందల పన్నెండు పేర్లు. వాటిలో ఇరవై రెండింటికి ఎర్రసిరాతో టిక్కు, పక్కన ఊరి పేరూ తేదీ. ఆ కాగితం పట్టుకుని పెరట్లోకి వెళ్లాను. ప్రతి మొక్క మొదట్లోనూ విరిగిన బంగాళాపెంకు ముక్క గుచ్చి ఉంటుంది, దాని మీద తెల్లరంగుతో నంబరు. ఇన్నాళ్లూ అవి ఏ ఎరువు లెక్కలో అనుకున్నాను. నేను జూన్‌లో కాల్చిన నీలం పువ్వు దగ్గరి పెంకు మీద 47 ఉంది. నీ జాబితాలో 47 ఏమిటో నీకు తెలుసు.

నేను కాల్చిన నీ మొక్కల్ని ఆయన మళ్లీ నాటారు సుధా. ఎండినవి కాదు, ఈసారి బతికున్నవి. అయిదేళ్లు, డయాలసిస్‌కి డయాలసిస్‌కి మధ్య వచ్చిన ఆదివారాలు. నాకు చెబితే ఏమంటానో అని నాకు చెప్పలేదు. పూర్తయ్యాక చూపిద్దామని నీకు చెప్పలేదు.

అంతా తెలిసీ ఆ పన్నెండూ నీకు పంపాను. ఒక్కదానికి నిజం చెప్పినా చాలు, జాబితా కవర్లో పెట్టి పంపేద్దామని ఎదురుచూశాను. నువ్వు పదకొండింటిని చంపమన్నావు. అప్పటికీ ఆగేదాన్నేమో. కానీ ఆదివారాల గురించి ఆ మాట రాశావు. నీ కోసం ఒంట్లో ఓపిక లేకుండా ఇసకలో వెతికిన మనిషి మీద, కన్నీళ్లు పెట్టుకున్న పాపానికి ఆ చేపలావిడ మీద. అది చదివి పార తీసుకున్నాను. సోముల్ని పిలవలేదు. పదకొండూ నా చేత్తోనే పీకాను, నువ్వు చెప్పినట్టే ఒకే కుప్పగా వేశాను.

ఇది కూడా విను. ఆఖరి మూడు రోజులూ ఆయన మంచం గుమ్మానికి ఎదురుగా వేయించుకున్నారు. వీధిలో ఆటో ఆగినప్పుడల్లా తల ఎత్తేవారు. నువ్వు నా మీద పగతో గడప తొక్కలేదు, ఆయన ఆ గడపనే చూస్తూ పోయారు. నీ షీట్లు కాల్చినందుకు నీ కాళ్లు పట్టుకోవాలని ఇరవై ఆరేళ్లు అనుకున్నాను. దీనికి మాత్రం నువ్వు నా కాళ్లు పట్టుకున్నా నేను నిన్ను క్షమించను.

మొదటిసారి పిల్లాడు పోతాడన్న భయంతో, తెలియక కాల్చాను. రెండోసారి నువ్వు తెలిసి కాల్చమన్నావు, నేను తెలిసి కాల్చాను. ఇకమీదట కాల్చింది జాహ్నవి అని నువ్వొక్కదానివే కూర్చుని ఏడవడానికి లేదు.

ఈశ్వరి గురించి నిజం రాశావు. అందుకే ఈ ఉత్తరం. తొమ్మిది నంబర్లు మిగిలాయి. వాటి జోలికి ఎవరూ పోరని జయకృష్ణకి కూడా చెప్పేశాను.

ఇంకొకటి ఉంది. ఈశాన్యం మూల, మోకాలి ఎత్తు మొక్క. దాని మొదట్లోనూ పెంకు గుచ్చారు గానీ నంబరు వెయ్యలేదు. పోయిన దీపావళి ముందు మందస కొండ దిగువ నుంచి తెచ్చి నాటారు. తెచ్చిన రోజు ఆయన మొహం చూడాల్సింది. "ఇది సుధ లిస్టులోనే లేదు. ఏమిటో సుధకి కూడా తెలియదనుకుంటాను" అని చిన్నపిల్లాడిలా నవ్వారు. నీ పేరు ఈ ఇంట్లో ఎత్తకూడదని అనుకున్న ఇన్నేళ్లలో, పోయేముందు మంచం మీద అన్న మాట కాక, అదొక్కసారే నా ఎదట ఎత్తారు, ఏ లిస్టని నేనూ అడగలేదు. నేను పత్రి ఏరినదాన్ని, నాకూ తెలియలేదు. ఇప్పుడు మొగ్గ వేసింది.

దాని ఆకు నీకు పంపను. పేరు చెప్పాలంటే వచ్చి చూసి చెప్పు. వస్తే నేను పలకరించను. పీట వేస్తాను.

జాహ్నవి


టెక్కలి,
16 సెప్టెంబరు 2024.

వదినా,

నా పాత నోట్‌బుక్ తీసి చూశాను. 47, విష్ణుక్రాంతం, మందస రోడ్డు, గట్టు మీద. మోసినవాడు ఉదయశంకర్ అని అన్నయ్య పేరు పక్కన సరదాకి రాసుకున్నాను. ఆ పేజీ దాటి ముందుకి చదవలేకపోయాను. విష్ణుక్రాంతం ఏ గట్టు మీదైనా దొరుకుతుంది. అన్నయ్య నాటింది ఇక దొరకదు. దాన్ని నేనే కాల్చమని నా అక్షరాలతో రాసి, చిరునామా రాసి, డబ్బాలో వేశాను.

నువ్వు కాల్చిన రోజు నాకు ఒక వైపు ఏడుపు, ఒక వైపు నిన్ను తిట్టుకునే సుఖం ఉండేవి. ఈసారి ఆ సుఖం కూడా నువ్వు ఉంచలేదు. బాగా తీర్చుకున్నావు. నాకన్నా బాగా తీర్చుకున్నావు.

అప్పలనరసమ్మ గురించి రాసిన మాటకి ఆవిడ దగ్గరికే వెళ్లి చెంపలు వేసుకుంటాను. నీకు మాత్రం క్షమించమని రాయను, నువ్వు క్షమించనన్నావు కాబట్టి. నేనూ నిన్ను క్షమించలేదు. చిల్లంగి మాట నా ఒంటి మీద ఇంకా ఉంది. అది ఉండగానే వస్తున్నాను.

గురువారం పొద్దున్న బస్సుకి బయల్దేరుతున్నాను. ఒట్టు ఒట్టే, నోటితో నీతో మాట్లాడను. తప్పనిసరైతే సోముల్ని మధ్యలో కూర్చోబెట్టు, అతనికి చెబుతాను, అతను నీకు చెబుతాడు. పీట అక్కర్లేదు, ఆ మూల నేల మీదే కూర్చుంటాను. నేను వచ్చేలోగా మొగ్గ విచ్చుకుంటే కొయ్యకు. కాల్చినవాటి పెంకులు పదమూడూ పారెయ్యకు, ఎక్కడున్నవి అక్కడే ఉండనివ్వు. వానలు వెనకబట్టేలోగా ఆ పదమూడూ మళ్లీ ఎక్కడెక్కడ దొరుకుతాయో నాకు తెలుసు. కొండ వారన పత్రి దొరికే చోట్లు నీకు తెలుసు.

నా నోట్‌బుక్ 212 దగ్గర ఆగిపోయింది. 213 గీసి ఖాళీగా ఉంచాను. ఆ మొక్క పేరు నాకు తెలిసినా తెలియకపోయినా, సేకరించినవారు అన్న గడిలో ఈసారి నా పేరు రాయను. అన్నయ్య పేరు రాస్తాను. నువ్వు పక్కన నిలబడి చూస్తుండగా రాస్తాను.

సుధ